చివరి గడిలో సంతకం

రెగీనా బంగాళాదుంపలు తురుముతోంది. నాలుగో దుంప సగమయ్యేసరికి వేలి కణుపు తురుముపీటకు గీసుకుంది. వేలు నోట్లో పెట్టుకుని, రెండో చేత్తో గిన్నె మీదికి వంగిన మనవరాలిని వెనక్కి జరిపింది.

"అట్లలో నీ రక్తం కూడా వేస్తావా అమ్మమ్మా?" అంది అయిదేళ్ళ లిల్కా.

"వేసినా నీకు తెలీదులే. కోళ్ళ గూట్లో గుడ్లున్నాయేమో చూసిరా, పో."

పిల్ల బూట్లు తొడుక్కుని పెరట్లోకి పరుగెత్తింది. తలుపు మూసుకున్నాక వంటింట్లో ఇద్దరే మిగిలారు. కింగా కోటు కూడా విప్పలేదు. బల్ల అంచున, బస్సు కోసం కాచుకున్నట్టు కూర్చుంది. బుధవారం పూట, చెప్పాపెట్టకుండా, లుబ్లిన్ నుంచి మొదటి బస్సుకే వచ్చిందంటే ఏదో అయిందని రెగీనాకు గుమ్మంలోనే అర్థమైంది. ఏమైందో పావుగంట కిందట తెలిసింది.

కింగా కడుపులోని బిడ్డకు పుర్రె కట్టుకోలేదు. నాలుగో నెల. రెండు ఆసుపత్రుల్లో చూపించారు. పుట్టినా గంటో, పూటో. డాక్టరు తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి, చట్టం మారిపోయిందమ్మా, ఇలాంటి బిడ్డనైనా కడుపులోంచి తియ్యకూడదు, ఇప్పుడు మేమేం చెయ్యలేం, అన్నాడట. రెండేళ్ళ కిందటైతే చేసేవాళ్ళం, అని కూడా అన్నాడట. సరిహద్దు దాటితే చెక్ దేశంలో ఒక ఆసుపత్రి ఒప్పుకుంది. అల్లుడు రాదెక్ మధ్యాహ్నం బస్టాండు దగ్గర కారుతో ఉంటాడు.

"మూడు రాత్రులే అమ్మా," అంది కింగా. "లిల్కాని ఉంచుకో. ఎవరడిగినా నాకు ఆఫీసులో పనుందని చెప్పు. ఇంకేం అడగను నిన్ను."

రెగీనా తురుముతూనే ఉంది. ఉంచుకుంటాననే అనబోయింది. మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగింది. ఉంచుకుంటానంటే, ఆ వెళ్ళే పనికి తానూ చెయ్యి వేసినట్టే. వద్దంటే, ఎదురుగా కూర్చున్నది తన కూతురు. ఈ రెండింటి కింద ఇంకొకటి ఉంది. దాన్ని నాలుగేళ్ళుగా తలుచుకోకుండా నెట్టుకొచ్చింది.

"తినే వెళ్ళు," అంది చివరికి. "ఖాళీ కడుపుతో..." అని, ఆ మాట ఎటు పోతోందో తెలిసి నోరు మూసుకుంది.

అప్పుడే గేటు కిర్రుమంది. తలుపు కొట్టే అలవాటు లేని మనిషి ఈ వీధిలో ఒక్కతే. పక్కింటి హలీనా ఖాళీ గిన్నె ఒకటి చంకన పెట్టుకుని లోపలికొచ్చింది.

"పుల్లమీగడ ఓ గరిటెడు పెట్టవే రెగీనా, మా ఆయన సూపు చప్పగా ఉందని గొణుగుతున్నాడు. ఓహో, పట్నం పిల్ల! పనిరోజున దిగావేమే, మీ ఆయన తరిమేశాడా?"

"లేదు అత్తా. ఊరికే వచ్చాను," అంది కింగా.

"ఊరికే ఎవరొస్తారే మన ఊరికి? పందులు కూడా పని ఉంటేనే వస్తాయి." హలీనా తన మాటకు తానే నవ్వుకుని, కింగా కోటు వంక చూసింది. "ఏం, నాలుగో నెలా? ముఖం చూడు ఎలా పీక్కుపోయిందో. ఈసారి మగపిల్లాడేలే. లిల్కా కడుపున ఉన్నప్పుడు బన్నులా ఉన్నావు నువ్వు. మేజోళ్ళు అల్లడం మొదలుపెట్టాను, నీలం ఊలుతో."

కింగా చేతులు కోటు జేబుల్లోకి వెళ్ళాయి. రెగీనా మీగడ గిన్నె కోసం ఫ్రిజ్ తెరిచి, తెరిచిన తలుపు వెనకే నిలబడిపోయింది. హలీనా త్వరగా వెళ్ళిపోతే చాలు.

కానీ హలీనా కూర్చుంది.

"ఆదివారం ఫాదర్ గారు మళ్ళీ మన ఊరిని మెచ్చుకున్నారు తెలుసా? కడుపులు తీయించుకోవడం ఆపే చట్టం కోసం మనం పోగుచేసిన సంతకాల కాగితాల గురించి. ఈ చుట్టుపక్కల అన్ని ఊళ్ళకన్నా మనవే ఎక్కువట." కింగా మోకాలి మీద చెయ్యి వేసింది. "నిన్ను మాత్రం నేను అపార్థం చేసుకున్నానే పిల్లా. పట్నం వెళ్ళింది, ఆ చట్టం వద్దని నల్ల గొడుగులేసుకుని రోడ్డు మీద అరిచే వాళ్ళల్లో కలిసిపోయి ఉంటుందనుకున్నాను. మీ అమ్మ తెచ్చిన కాగితంలో చివరి గడిలో నీ పేరు చూశాక నా నోరు మూతపడింది. సంతకం ఎంత బాగుందో! ఆ కె అక్షరం కాలు కిందిదాకా చాపి..."

ముందు మెడ, తరవాత చెవులు, తరవాత నుదురు, వరసగా వేడెక్కడం రెగీనాకు తెలుస్తూనే ఉంది. కూతురు ఇప్పుడు అనబోయే మాట ఆదివారంలోగా చర్చి మెట్ల దాకా పోతుంది. నేను పెట్టలేదు అంటుంది. అంతే.

"అవునత్తా," అంది కింగా. "అప్పుడు సెలవుకి వచ్చాను కదా. గుర్తుంది."

హలీనా మీగడ తీసుకుని, ఈసారి మగపిల్లాడేనని ఇంకోసారి చెప్పి వెళ్ళిపోయింది. గేటు మూసుకున్న చప్పుడు వినబడ్డాక కూడా రెగీనా తల ఎత్తలేదు. తప్పు చేసింది తాను. పరువు కాపాడింది కూతురు. అదీ కళ్ళు తిప్పకుండా, అబద్ధం చెప్పి.

"అప్పుడే ఫోన్లో వద్దన్నాను కదమ్మా," అంది కింగా. "నా పేరు రాయొద్దని రెండుసార్లు చెప్పాను."

"చెప్పావు."

"మరి?"

"గడులు పది. తొమ్మిది నిండాయి." రెగీనా గిన్నెలోని తురుముతో మాట్లాడుతున్నట్టు మాట్లాడింది. "చర్చి వాకిట్లో, అందరి ముందూ, అందరి పిల్లలవీ ఉన్నాయి, నీ కూతురిది ఏదీ అంది హలీనా. ఇంట్లో ఉంది, తెస్తానన్నాను. ఇంటికొచ్చి... నీ గుర్తింపు నెంబరు నాకు నోటికొచ్చు కదా, నువ్వు పుట్టినప్పట్నుంచీ. ఇదిగో, ఈ బల్ల మీదే రాశాను. ఒక్క గడే కదా అనుకున్నాను. నీ దాకా వస్తుందని నేను..."

"నువ్వు రాయకపోయినా చట్టం వచ్చేదే. అంతమంది పెట్టారు. ఆ మాత్రం నాకు తెలుసు."

"మరైతే..."

"ఆ డాక్టరు ముందు ఏడుస్తూ ఒక మాట అన్నానమ్మా." కింగా గొంతు పెంచలేదు. "ఇలాంటి చట్టం కావాలని నేనెవర్నీ అడగలేదండీ, అన్నాను. ఆయన తల దించుకున్నాడు. ఆ గదిలో నాకు మిగిలింది ఆ ఒక్క మాటే. అది కూడా నిజం కాదన్నమాట."

రెగీనా గబగబా ఏప్రాన్ ముడి విప్పింది. "ఇప్పుడే వెళ్తాను. హలీనాకి చెప్తాను. నేనే రాశాను, దొంగ సంతకం అని. ఫాదర్ గారికీ చెప్తాను. నవ్వుకోనీ, ఉమ్మనీ."

"చెప్పి?"

"అదేంటే?"

"నాలుగేళ్ళు లేనిది ఈ రోజే ఎందుకు చెప్తున్నావని అడగదా? కింగా వచ్చింది, ముఖం పీక్కుపోయింది, తల్లి సంతకం దొంగదంటోంది. హలీనా అత్త అంత తెలివితక్కువదా? సాయంత్రానికి ఊరంతా లెక్క కట్టేస్తుంది. నన్ను కారెక్కించినందుకు రాదెక్ మీద ఎవడైనా కేసు పెడితే?" కింగా తల అడ్డంగా ఊపింది. "వద్దు. నువ్వు చెప్పుకుని తేలికైపోవడానికి కూడా కుదరదు."

విప్పిన ఏప్రాన్ చేతిలో పట్టుకుని రెగీనా నడి వంటింట్లో నిలబడింది. తురుమిన దుంపలు అప్పుడే నల్లబడుతున్నాయి.

కింగా లేచింది. బెంచీ పక్కనున్న పిల్ల సంచీ అందుకుని భుజాన వేసుకుంది. తీసుకుపోతుంది. ఇక ఈ ఇంట్లో పిల్లని వదలదు. ఉంచు అనడానికి తనకిప్పుడు నోరేది? పావుగంట కిందట అడిగినప్పుడు జవాబివ్వని నోరు.

"ఉంచుకుంటాను," అంది అయినా. "ఎన్ని రోజులైనా. నువ్వు వెళ్ళే పనికే ఉంచుకుంటున్నానని తెలిసే ఉంచుకుంటాను."

కింగా గుమ్మం దగ్గర ఆగింది. పెరట్లోంచి లిల్కా కోళ్ళను కసురుతున్న గొంతు వినిపిస్తోంది. పిల్లని వదలడానికి వేరే ఇల్లు లేదు. రాదెక్ తల్లి ఈ విషయంలో ఇంకా గట్టి మనిషి. కింగాకు ఆ సంగతి తెలుసు. ఆమెకు తెలుసని రెగీనాకూ తెలుసు. కూతురు తనను నమ్మి ఆగలేదు, ఇంకో దారి లేక ఆగింది.

కింగా వెనక్కి వచ్చింది. సంచీ బల్ల మీద పెట్టి, జిప్పు తీసి, పిల్ల రాత్రి బట్టలు, పళ్ళ బ్రష్షు, దగ్గు మందు ఒక్కొక్కటే బయటికి తీసి వరసగా పెట్టింది. మందు సీసా లేబులు తల్లికి కనబడేలా తిప్పింది. పెరట్లోకి వెళ్ళి పిల్లని ఎత్తుకుని, దాని మెడలో ముఖం దాచుకుని కాసేపు ఉండి, దించింది. కిటికీలోంచి రెగీనా చూస్తూనే ఉంది.

కింగా మళ్ళీ వంటింట్లోకి వచ్చి తన చేతిసంచీ తీసుకుంది. తల్లి ఏదో అంటుందేమోనన్నట్టు ఒక్క క్షణం నిలబడింది. రెగీనా మందు సీసా చేతిలోకి తీసుకుంది. కింగా కోటు బొత్తాములు పై దాకా పెట్టుకుని బయటికి నడిచింది.