సాంచల సైగలు

సదానందానికి మనుషులు మాట్లాడితే సగమే వినవడుతది. ముప్పై ఏండ్లు భివండిల నాగావ్ కార్ఖానల, బట్ట నేసే కరెంటు సాంచల నడుమ నిలవడ్డ చెవులాయె, ఇంకెట్ల వినవడుతది? "ఓ అనురాధ బాపూ, చెవులల్ల దూది వెట్టుకున్నవా ఏంది?" అని దుర్గవ్వ దినాం నాలుగుసార్లన్నా మొగుని మీద లేస్తది. కాని ఆయన నడిపే ఎనిమిది సాంచలల్ల ఒక్కదాని మోత జెర మారిందా, అటు తిరిగి నిలవడ్డా సరే, నేరుగ దాని ముంగటికే పోతడు. అసొంటి చెవులు మళ్ల అవి!

ఆ ఐతారం పొద్దుగాల్నే తన ఎనిమిది సాంచలు తోటి నేతగాడు నాగయ్యకు అప్పజెప్పి, ఊరవతల గోదాముల నడుమ కట్టిన రేసు మైదానానికి బిడ్డ ఎంబడి పోయిండు. అనురాధ పాలిటెక్నిక్‌ల మెకానికల్ చదువుతది. తోటి పిల్లలు నలుగురితోని కలిసి మోకాలెత్తు రేసుబండి ఒకటి తయారు జేసింది. నడిపేది ఆమెనే. ఇయ్యాల పన్నెండు కాలేజీల పోటీ, గంటన్నర సేపు.

గెలుస్తమని ఎవలికీ ఆశ లేదు. ముగింపు గీత దాటితే చాలు. దాటితేనే వచ్చే ఏడు కూడ బండికి పైసలిస్తనని ప్రిన్సిపాల్ మాటిచ్చిండు. నడుమ ఆగిపోయిందా, బండి తుక్కు దుకాన్‌కే. "రెండేండ్లు దీనికే వెట్టిన బాపు," అన్నది అనురాధ పొద్దున బస్సుల. సదానందం ఆమె ఒడిల ఉన్న పానాల సంచి తీసి తన ఒడిల వెట్టుకున్నడు.

ఇగ అక్కడి వైభోగం జూడాలె! పుణె దిక్కు పెద్ద కాలేజీ వాళ్లకు ఏసీ డేరా, మూడు ఇంజిన్లు ఎక్‌స్ట్రా, పెట్టెల నిండ బేరింగులు. టైర్లు సల్లవడొద్దని కరెంటు దుప్పట్లు కూడ కప్పిన్రు. చలికాలం మన పోరగాండ్లకు లేవుగని టైర్లకున్నయి. హెల్మెట్‌లనే వైర్‌లెస్, నడిపేటోడు గుసగుసలాడినా డేరాల వినవడుతది. వాళ్ల కెప్టెన్ అభిషేక్, భివండిల నూలు దుకాన్ వెంకటసుబ్బారావు సేటు కొడుకే. ఆయిల్ కంపెనీ మనిషొచ్చి ఆ డేరాల నాలుగు డబ్బాలు ఉత్తగ వెట్టిపోయిండు. మన పిల్లల తాడిపత్రి పందిరి దిక్కు మర్లి కూడ చూడలే. ఉన్నమ్మ ఉన్నమ్మకే పెట్టె, లేనమ్మ ఉన్నమ్మకే పెట్టె!

మన బండికి పాత స్కూటర్ ఇంజిన్, నిరుటి టైర్లు. బేరింగులు సాంచల సామాన్లమ్మే దుకాన్ల కొన్నయి, అవి కూడ ఎన్నున్నయో అన్ని బండికే ఉన్నయి.

"కాకా, వైర్‌లెస్ తో నై హై," అన్నడు టీంల మెకానిక్ భూషణ్, చిన్నవోయి. "పలక మీద రాసి చూపెడతం."

"పలకెందుకు బిడ్డా, చేతుల్లేవా?" అన్నడు సదానందం.

సాంచల మోతల నోరు పనిజెయ్యదు. పక్కనున్నోడు అరిచినా వినరాదు. అందుకే కార్ఖానల అందరు చేతుల్తోనే మాట్లాడుకుంటరు. అరచెయ్యి కిందికి వత్తితే మెల్లగ, పైకెత్తి ఊపితే జోరుగ, పిడికిలి చూపితే ఆపు. ఏ పక్క చెడిందో ఆ భుజం తట్టుకుంటరు. ఎనిమిదేండ్ల నుంచి బాపుకు అన్నం టిఫిన్ తెచ్చి గడప కాడ నిలవడే అనురాధకు ఈ సైగలు మాటలొచ్చినట్టే వచ్చినయి. నోటికాడికి చెయ్యి తెచ్చి "తిందువు దా" అనేది రోజు.

మైదానంల పెద్ద ఎడమ మలుపు కాడ ఇనుప కంచె పట్టుకొని నిలవడ్డడు సదానందం. పోటీ మొదలైంది. గంట సేపు మంచిగనే నడిచింది. అనురాధ ఐదో నంబర్ల ఉన్నది! వయసు మీదవడ్డ ఇంజిన్‌ను ఎక్కడ బుదరకిచ్చి బుజ్జగించాల్నో, ఎక్కడ సతాయించొద్దో ఆ పిల్లకు ఎవలు నేర్పిన్రో గని, చూసినోళ్లు శబాషనాల్సిందే.

అప్పుడు వినవడ్డది. ఎడమ మలుపు తిరుగంగ గరగరమని సన్నగ, కిందినుంచి. పన్నెండు బండ్ల మోతల ఇంకెవలికీ పట్టలే. వచ్చే చుట్టుల మళ్ల అదే గరగర, జెర ఎక్కువైంది. కుడి వెనక చక్రం బేరింగు.

ఏడ్చే సాంచెను ఆపాలె, అది ముప్పై ఏండ్ల అలవాటు. చెయ్యి దానంతటదే లేచి పిడికిలి చూపింది. ఆపు!

అనురాధ చూసింది. హెల్మెట్ అడ్డంగ ఊపి ముంగటికి పోయింది.

అప్పుడు తెలివికొచ్చిండు. అరె, ఎంత తప్పు జేస్తి! ఆపితే మళ్ల నడవది కద. జెరసేపటి కిందనే పుణె బండికి ఇదే రోగమొచ్చింది. ఆపిన్రు, నాలుగు నిమిషాలల్ల వెనక ఇరుసుకిరుసే మార్చిన్రు, పంపిన్రు. మనకు మార్చేందుకు ఏమున్నది, మన్నా? ఉన్నోనికి ఆపుడు మందు. లేనోనికి ఆగుడే సావు.

ఇంక ఇరవై అయిదు నిమిషాలున్నయి.

సాంచె బేరింగు వేడెక్కి, దాన్ని బాగుచేసే జాబర్ రానినాడు ఏం జేస్తడు తను? ఆపడు. బరువు తగ్గించి, బతిమిలాడుకుంట, నేసిన బట్ట సాంచె మీదికెళ్లి దిగేదాక నడుపుతడు. బిడ్డ మళ్ల రాంగనే కుడి భుజం తట్టుకొని, మలుపు చూపి, అరచెయ్యి కిందికి వత్తిండు. అనురాధ తలూపింది. మలుపుల వేగం సగానికి తగ్గింది, గరగర కూడ తగ్గింది. సీదా తొవ్వ రాంగనే చెయ్యి పైకెత్తి ఊపిండు. బండి ఉరికింది.

ఇగ ప్రతి చుట్టుకు అదే పని. చెవి బండి మీద, చెయ్యి గాలిల. ఆరో నంబరు, ఏడో నంబరు... పోతె పోనీ! వెనక కుర్చీలల్ల కూసున్నోళ్లు "ఎవడురా ఈ డ్యాన్సు మాస్టరు" అని నవ్విన్రు. కొద్దిసేపటికి వాళ్లకే అర్థమయింది, ఆ చెయ్యి దిగితే బండి మెల్లగైతున్నది, చెయ్యి లేస్తే ఉరుకుతున్నదని. నవ్వులాగినయి. ఒక ముసలామె లేచి కంచె కాడికొచ్చి నిలవడ్డది. చెయ్యి గుంజుకపోయి భుజం తెగిపోతున్నట్టున్నా సదానందం దించలే.

ఎనిమిదో నంబర్ల అనురాధ గీత దాటింది. దాటిన బండిని డేరాల దిక్కు తిప్పంగనే కుడి వెనక చక్రం కీచుమని పట్టేసి, బండి అక్కడనే ఆగిపోయింది. దాని పాణం అంతవరకే ఉన్నది. సరిపోయింది!

గెలిచింది పుణె వాళ్లే, ఆగి కూడ. అభిషేక్ కప్పు ఎవలికో ఇచ్చి ఇటురికొచ్చిండు. ఇరుసు మీద వేలు వెట్టి, చుర్రుమంటే గుంజుకున్నడు. సీదా సదానందం కాడికొచ్చిండు.

"కాకా, మా బండికి పద్నాలుగు సెన్సార్లున్నయి. అయినా బేరింగు పోయినంక గని మాకు తెల్వలే. నువ్వు కంచె అవతల నిలవడి ఎట్ల చెప్పినవ్? ఇరవై అయిదు నిమిషాలు చచ్చిన బేరింగును నడిపిన్రు మీరిద్దరు! నేను జిందగీల చూడలే!"

సదానందం ముంగటికి వంగి చెవికి చెయ్యి అడ్డం వెట్టుకున్నడు. "ఏందన్నవ్ బిడ్డా? జెర గట్టిగ చెప్పు."

అభిషేక్ మళ్ల గట్టిగ చెప్పిండు. అప్పటికే జనం చప్పట్లు, ఈలలు, ఒకటే లొల్లి. ఏం వినవడుతది? సదానందం ఉత్తగనే నవ్విండు.

అవతల బండి కాడ అనురాధ హెల్మెట్ తీసింది. మొకమంత చెమట, మసి. ఇటు చూసి రెండు చేతులు ముంగటికి వెట్టి, బట్ట తాను చుట్టినట్టు చుట్టి, భుజం మీదికెత్తి దించింది. బట్ట దిగింది, మచ్చ లేదు అని. కార్ఖానల పెద్ద నేతగాళ్లు ఒకలికొకలు చెప్పుకునే సైగ అది. సదానందం ఆమెకు నేర్పలే. గడప కాడ టిఫిన్ పట్టుకొని చూసుకుంటనే నేర్చుకున్నది.

సదానందం కండ్లల్ల నీళ్లు ఆగలే. ఆయన కూడ చేతులు లేపి అదే సైగ జేసిండు, బిడ్డకు కాదు, సాటి నేతగానికి చేసినట్టు.

అనురాధ నోటికాడికి చెయ్యి తెచ్చింది. తిందువు దా.