ముందు సైకిల్

గోపాల్ రాత్రి డ్యూటీ నుంచి వచ్చి సైకిల్ గోడకు ఆనించి పడుకున్నాడంటే, దాన్ని తుడిచే పని భార్య ఊర్మిళది. లాక్‌డౌన్ సడలించాక షేర్ ఆటోలో నలుగురి మధ్య ఇరుక్కుని కూర్చోవాలంటే భయమేసి, సెకండ్ హ్యాండ్‌లో కొన్న సైకిల్. పొట్టకూటికి ఊరు విడిచి వచ్చిన ఉధ్నాలోని ఆ ఇరుకు గదిలో అందరి పనులూ చివరికి ఊర్మిళ దగ్గరికే వచ్చి ఆగుతాయి గనక ఇదీ వచ్చింది. చక్రం పుల్లల సందుల్లోంచి మరమగ్గం సాంచాల దుమ్ము గుడ్డతో తీస్తూ, ఎవరూ చూడకుండా పెడల్ ఒకసారి తిప్పి వదిలేది. తుడవడానికి పనికొచ్చిన చేతులు హ్యాండిల్ పట్టడానికి పనికిరావట, విడ్డూరం కాకపోతే!

రింగ్ రోడ్ దుకాణం నుంచి వచ్చే చీరల మూటలు విప్పి, వేలాడే దారాలు కత్తిరించి మళ్ళీ మడతలు పెట్టడం ఊర్మిళ పని. పొద్దున్నే వెళ్ళినవాళ్ళకే మూటలు దొరుకుతాయి. గోపాల్‌కు ఆ వేళకు అర్ధరాత్రి. "నేను తెస్త తియ్యి, ఏం తొందర?" అని గోడవైపు తిరుగుతాడు. లేచి వెళ్ళేసరికి మూటలు వేరే ఇళ్ళకు వెళ్ళిపోయి ఉంటాయి. "ఇంకోపారి ఆలస్యమైతె పని బంద్ అన్నడు శేఠ్" అని నిన్న చెప్పాడు, అదేదో ఆమె తప్పయినట్టు. సైకిల్ పగలంతా ఖాళీయే కదా, నేనే పోతానంది ఊర్మిళ. అత్త బాలవ్వ బుగ్గలు నొక్కుకుంది.

"ఇద్దరు పిల్లల తల్లివి, సైకిలెక్కి ఊరేగుతవా? నా కొడుకు ఇజ్జత్ ఏంగావాలె?"

ఊరేగడమన్న మాటకు ఊర్మిళకు నవ్వాగలేదు. ఆమె నిజంగానే ఊరేగింది మరి.

జగిత్యాలలో ఇంటర్ చదివే రోజులు. ఊరూరా ఆడపిల్లల చదువు గురించి చెప్పాలని శ్రీలేఖ టీచర్ డజనుమంది అమ్మాయిలను సైకిళ్ళమీద బయల్దేరదీసింది. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ దాకా. టీచర్ పెట్టిన షరతు ఒక్కటే: "మెల్లగ తొక్కేటామె అందరికన్న ముందుండాలె. ఆమెను దాటి ఎవ్వరు పోవద్దు." ఊర్మిళ తొక్కుడు నత్తనడక. అలా ప్రతి ఊళ్ళోకీ మొదట అడుగుపెట్టింది ఆమే. కోరుట్లలో ఎవరో పెద్దమనిషి ఈమే నాయకురాలనుకుని బంతిపూల దండ ఆమె మెళ్ళో వేసేశాడు. వెనక చెమట తుడుచుకుంటున్న టీచర్ కిసుక్కున నవ్విందే గాని, కాదనలేదు. మెట్‌పల్లిలోనూ అదే తంతు. ఆర్మూర్ చేరేసరికి ఊర్మిళ తనే మెడ వంచింది, తోటిపిల్లలు పడీపడీ నవ్వారు.

దారిలో ఒక ఊరి బడి ఎదుట అరుగు మీద బీడీలు చుట్టే ఆడవాళ్ళు చేతులు ఆపి చూశారు. "మీ నాయినలు తోలిండ్రా బిడ్డా?" అని ఆశ్చర్యపోయారు. ఒకావిడ ఒళ్ళోని చాట పక్కన పెట్టి, కొంగు దోపుకుని, "జర నన్ను కూసుండవెట్టు" అంది. ఊర్మిళ పట్టుకుని నెడుతుంటే బడి చుట్టూ తిరిగి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది ఆవిడ. రాత్రుళ్ళు బడి వరండాలో వరసగా పడుకునేవాళ్ళు. ఎవరో వండి పెట్టేవాళ్ళు. ముందు సైకిల్ పిల్లకు ముందు వడ్డించేవాళ్ళు. పిక్కలు పీకేసేవి, అయినా ప్రాణానికి ఎంతో హాయిగా ఉండేది. అంత సంతోషం పెళ్ళయ్యాక ఆమె ఎరగదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. ఈ ఇంట్లో అందరూ తిన్నాక అడుగున మిగిలింది తనది, అందరి స్నానాలూ అయ్యాక మిగిలిన నీళ్ళు తనవి. దానికి ఇల్లాలితనమని పేరు.

గుడ్డ పిండి దండెం మీద వేసి, ఊర్మిళ మొగుణ్ణి తట్టి లేపింది.

"చాబీ ఇయ్యి. మూట నేను తెచ్చుకుంట."

గోపాల్ ఒక కన్ను తెరిచాడు. శేఠ్ మాట గుర్తొచ్చిందో, నిద్ర చెడుతుందనిపించిందో, దిండుకింద తడిమి తాళంచెవి ఇచ్చాడు. "పో మరి. మాస్కు కండ్ల దాంక గుంజుకో. తలకు కొంగు గిట్ల కప్పుకో. నా పెండ్లామని ఎవలు గుర్తువట్టద్దు." వరమిచ్చినవాడిలా మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు. బాలవ్వ గొణుగుతూనే ఉంది.

ఊర్మిళ మాస్కు పెట్టుకుంది, రోగం రోజులు కదా. కొంగు మాత్రం నడుముకు దోపింది. మొదటి రెండు మలుపులూ సైకిల్ తూలింది. తర్వాత కాళ్ళకు పాత అలవాటు జ్ఞాపకమొచ్చింది. గల్లీ చివర కుళాయి దగ్గర బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళంతా తలలు తిప్పారు. ఎల్లవ్వ పక్కామెను అడిగింది: "గామె ఎవలే? మూతి కనవడుతలేదు."

ఊర్మిళ బ్రేకు వేసి, ఒక కాలు నేలకు ఆనించి, గల్లీ అంతా వినబడేలా చెప్పింది.

"నేనే ఎల్లవ్వా, ఊర్మిళను! రింగ్ రోడ్డుకు వోతున్న. రేపు గూడ పోత."