దిమ్మె చాటు

రెండో వేలు విరిగినప్పుడు డేవిడ్‌రాజు అరవలేదు. మొదటి వేలికే అరిచి అరిచి గొంతు పోయింది.

బుల్లిబాబు సుత్తి బల్ల మీద పెట్టి నుదుటి చెమట తుడుచుకున్నాడు. "బావా, వీడివి వేళ్ళా పలుగులా? కొట్టి కొట్టి నాకే చెయ్యి లాగుతోంది."

క్వారీ యజమాని కిషోర్‌బాబు నవ్వలేదు. ఒళ్ళో జంటగొట్టాల తుపాకి పెట్టుకుని, ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న రోజారమణినే చూస్తున్నాడు.

"చూడమ్మాయ్, మీ తమ్ముడికి వేళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. నాకే ఓపిక లేదు. ఆ ఉబ్బు తీసెయ్."

జగ్గయ్యపేట అవతల సున్నపురాయి క్వారీ. దాని ఒడ్డున ఈ రేకుల ఆఫీసు. ఆదివారం కాబట్టి పనివాళ్ళెవరూ లేరు. పొద్దున అక్కాతమ్ముళ్ళు నందిగామలో చర్చికి బయల్దేరుతుంటే బుల్లిబాబు జీపు వచ్చి ఆగింది. సార్ రమ్మంటున్నారు, చిన్న పని అన్నాడు. ఎక్కారు. ఇప్పుడు రోజారమణి తెల్లచీర మీద తమ్ముడి రక్తం చుక్కలు ఆరిపోతున్నాయి.

ఆమెది డ్రోన్ సర్వే. నెలకోసారి క్వారీ మీద డ్రోన్ ఎగరేసి ఫొటోలు తీస్తుంది. ఆ ఫొటోల నుంచి కంప్యూటరు లక్షల చుక్కలు పుట్టించి, పక్కపక్క చుక్కల్ని త్రికోణాలుగా అల్లి, నేలకు అచ్చు దిగినట్టు మోడల్ కడుతుంది. కొండచరియ ఎంత జారిందో చెప్పేదీ, స్కానింగులోని గుండెను డాక్టరుకు బొమ్మ కట్టి చూపించేదీ ఇదే లెక్క. రోజారమణి దాంతో రాయి ఎంత తవ్వారో కొలుస్తుంది. ఈ నెల నేలలోంచి పోయిన నెల నేలను తీసేస్తే తేడా తెలుస్తుంది.

ఈసారి తేడా తవ్విన చోటే కాదు, ఇంకోచోట కూడా వచ్చింది. టిప్పర్లు వెళ్ళని చెత్తగుట్ట వెనక నేల కొద్దిగా పైకి లేచింది. మనిషి, మోటార్ సైకిలు పట్టేంత మేర.

ఆమె అమాయకంగా ఫోన్ చేసి, "సార్, అక్కడ మట్టి మీరే పోయించారా, లెక్కలో వెయ్యనా?" అని అడిగింది. క్వారీ పేలుళ్ళకి ఇళ్ళ గోడలు బీటలిస్తున్నాయని కలెక్టరాఫీసు చుట్టూ తిరిగిన కృపారావు బండితో సహా మాయమై నెల కావస్తోందని అడిగాక గుర్తొచ్చింది.

రేపు గనుల శాఖ వాళ్ళు ఆ మోడల్ చూడడానికి వస్తున్నారు.

"తీస్తా సార్. కాకపోతే అక్కడ త్రికోణాలు మళ్ళీ అల్లుకోవాలి. ఆలస్యమవుద్ది. తీసేశాక వాణ్ణి వదిలేస్తారుగా?"

"మాటంటే మాటే," అన్నాడు కిషోర్‌బాబు.

అబద్ధం. గోడకున్న టీవీలో ఐదు కెమెరాల బొమ్మలు కదుల్తున్నాయి. క్వారీ పడమటి గోడకు వరసగా బెజ్జాలు, వాటిలోంచి వేలాడుతున్న ఎర్రతీగలు. మందు కూరి సిద్ధంగా ఉంది. సెలవు నాడు బ్లాస్టింగు ఎవరి కోసమో ఆమెకు అర్థమైంది.

ఆ ఐదు కెమెరాల చోట్లు చెప్పింది ఆమే. ఎన్ని మూలలున్న గొయ్యయినా, ఎక్కడెక్కడ కన్ను పెడితే మొత్తం కనపడుతుందో లెక్క కట్టొచ్చు. "గోతిలో తొండ కదిలినా నాకు తెలియాలి," అని అప్పట్లో కిషోర్‌బాబు అడిగాడు. "ఐదింట్లో కనపడకపోతే గోతిలో లేనట్టే సార్," అని ఆమె గట్టిగా చెప్పింది.

ఇప్పుడు ఉబ్బు చుట్టూ గీత గీస్తుంటే చెయ్యి ఆగింది. చదునైన నేల మీద ఒంటరిగా నిలబడ్డదాన్ని ఈ ప్రోగ్రాం లారీయో పొక్లెయినో అనుకుని చెరిపేస్తుంది. కెమెరాల లెక్కకు ముందు కూడా ఆమె గోతి బొమ్మను అలాగే శుభ్రం చేసింది. లారీలు పోయాయి. వాటితో పాటు దిమ్మెలూ పోయాయి.

ఎంత లోతు తవ్వారో తర్వాత కొలుచుకోవడానికి ఇక్కడి కూలి ముఠాలవాళ్ళు మధ్యలో అక్కడక్కడా తవ్వకుండా రాతి దిమ్మెలు వదిలేస్తారు. తాతల నాటి పద్ధతి. ఈ గోతిలో మూడున్నాయి. అవి లేవనుకుని ఆమె కెమెరాలు పెట్టించింది.

ఇంకో విండో తెరిచింది. దిమ్మెల్ని మోడల్లో మళ్ళీ నిలబెట్టింది. ఐదు కెమెరాల నుంచి చూపు గీతలు వదిలింది. గొయ్యంతా పసుపు పరుచుకుంది.

కిషోర్‌బాబు ముందుకు వంగాడు. "ఏందా పసుపు?"

"కెమెరా చూపు సార్. కెమెరాలో కనపడే గుట్ట మ్యాపులో లేకపోతే రేపు దొరికిపోతాం. రెండూ సరిచూస్తున్నా."

"తెలివైన పిల్లవే."

రెండు దిమ్మెల వెనక్కి వేరే కెమెరా చూపు చేరుతోంది. నడిమి దిమ్మె వెనక మాత్రం మంచమంత నల్లమచ్చ మిగిలింది. ఆ మచ్చకీ పేలబోయే గోడకీ మధ్య దిమ్మె అడ్డం.

ఆమె విండో మూసి, ఉబ్బు లేని బొమ్మ చూపించింది. "అయిపోయింది సార్."

"మంచిది." కిషోర్‌బాబు లేచాడు. "బుల్లీ, వాడి కాలు కూడా చూడు."

"కట్టేద్దాం బావా, తేలిక."

"తాడు గుర్తులు డాక్టర్లు పట్టేస్తారు. రాయి పడి విరిగిన కాలయితే ఎవడడుగుతాడు? ఆదివారం కొలతలకొచ్చారు, సైరన్ వినలేదు, పోయారు."

సుత్తి మోకాలి మీద పడింది. ఎండుకట్టె విరిగిన చప్పుడు. పోయిందనుకున్న గొంతు డేవిడ్‌రాజుకు తిరిగొచ్చింది. రోజారమణి మీదికి దూకితే తుపాకి మడమ ఆమె దవడను పగలగొట్టింది. నోట్లోంచి పన్ను రాలింది.

ఇద్దర్నీ జీపులో గోతిలోకి దించి పడమటి గోడ కింద పడేశారు. జీపు వెనక్కి తిరిగింది. కాసేపటికి సైరన్ మోగింది.

సైరన్ మోగితే కెమెరాలకు కరెంటు తీస్తారు, ఫోన్లు ఆపేస్తారు. ఎక్కడి కరెంటు ఎలా పాకి డిటోనేటర్‌ను ముట్టించినా ప్రమాదమేనని ఆ పద్ధతి. అంటే ఈ కాసేపూ ఎవరూ చూడరు. కాలు విరిగినవాడు ఎక్కడికీ పోలేడని, వాణ్ణొదిలి అక్క పోదని వాళ్ళ ధీమా.

"లే."

"నావల్ల కాదు. నువ్వు పరిగెత్తక్కా."

"నోరుముయ్. లే!"

గోడ కింద విరిగిన డ్రిల్లింగు రాడ్డు ఒకటి పడి ఉంది. దాన్ని వాడి మంచి చేతికిచ్చి ఊతగా పట్టించింది. రెండో చెయ్యి తన మెడ చుట్టూ వేసుకుంది. వాడి మోకాలి కింద కాలు పక్కకు తిరిగి ఈడ్చుకుపోతోంది. సగం దూరంలో వాడు స్పృహ తప్పాడు. చంకల కింద చేతులేసి లాగింది. రాడ్డు వదల్లేదు. సైరన్ ఆగింది. దిమ్మె వెనక్కి వాణ్ణి తోసి, మీద పడుకుంది.

భూమి ఎగిరిపడింది.

చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. దిమ్మె అవతలి ముఖానికి రాళ్ళు గుండ్లలా తగులుతున్నాయి. ఒక రాతి చెక్క పైనుంచి దూకి ఆమె వీపు చీల్చుకుంటూ పోయింది. దుమ్ము నోట్లో, ముక్కులో, కళ్ళలో. కింద తమ్ముడి గుండె కొట్టుకోవడం ఒక్కటే ఆమెకు తెలుస్తోంది. అది చాలు.

దుమ్ము పలచబడేసరికి జీపు చప్పుడు వినపడింది. తర్వాత కిషోర్‌బాబు ఫోన్ స్పీకర్లో, ఆఫీసులో ఉన్న బుల్లిబాబు గొంతు.

"కరెంటు వేసి ఐదింట్లోనూ చూశా బావా. నువ్వు తప్ప పురుగు కూడా లేదు. రాళ్ళ కిందే ఉంటారు."

"శవాలు కనపడాలి కదరా. నువ్వు చూస్తూ ఉండు."

బూట్లు గోడ దగ్గర తిరిగాయి. ఆగాయి. దుమ్ము మీద కాలు ఈడ్చిన చార దిమ్మె వైపు సాగి ఉంటుంది. రోజారమణి డ్రిల్లింగు రాడ్డు రెండు చేతులా పట్టుకుని లేచింది. వీపు నుంచి రక్తం నడుము దాకా కారుతోంది.

బూట్లు దగ్గరయ్యాయి. ముందుగా తుపాకి గొట్టం దిమ్మె దాటింది.

"బావా? ఎటు పోయావ్? కనపట్టంలా."

ఆమె కొట్టింది. ముంజెయ్యి విరిగింది. తుపాకి పేలి, గుళ్ళు కొన్ని రాతిలోకి, కొన్ని ఆమె భుజంలోకి దిగాయి. కిషోర్‌బాబు పడుతూ ఆమె జుట్టు దొరకబుచ్చుకుని తల దిమ్మెకేసి బాదాడు. లోకం నల్లబడింది. ఇంకోసారి బాదబోయాడు. స్పృహ వచ్చిన డేవిడ్‌రాజు పాక్కుంటూ వచ్చి మంచి చేత్తో అతని గొంతు పట్టాడు. పళ్ళతో చెవి పట్టాడు. కిషోర్‌బాబు పందిలా అరిచాడు.

"బావా! అరుపేంది? ఎక్కడున్నావు? ఏ కెమెరాలోనూ లేవు!"

రోజారమణికి రాడ్డు మళ్ళీ దొరికింది. కణత మీద ఒక దెబ్బ. అతని చెయ్యి జుట్టు వదిలింది. ఇంకో దెబ్బ. మూడోసారి ఎత్తింది గానీ అవసరం లేకపోయింది.

ఫోన్ ఇంకా అరుస్తోంది. ఆమె తీసుకుంది. పగిలిన దవడతో మాట సరిగా రాలేదు.

"బుల్లిబాబు గారూ. ఐదింట్లో లేకపోతే గోతిలో లేనట్టేనండి."

ఆమె తుపాకి తీసుకుని చాటులోంచి బయటికొచ్చి, దగ్గరి కెమెరాకు ఎదురుగా నిలబడి, గొట్టం దాని వైపు పెట్టింది. ఒక తూటా ఇంకా ఉంది. ఫోన్లో కుర్చీ పడిన చప్పుడు, తర్వాత పరుగు.

జీపు తాళం బండికే ఉంది. తమ్ముణ్ణి వెనక సీట్లోకి ఎక్కించడం చంపడమంత కష్టమైంది. దారిలో రెండుసార్లు ఆమె పిలిస్తే వాడు పలకలేదు. ఆమె బూతులు తిడుతూ జీపు తోలింది. తిట్టినప్పుడల్లా వాడు మూలిగాడు. మూలుగు ఆగకుండా తిట్టింది.

గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీల మధ్యకు దూరి ఆగింది. కానిస్టేబుల్ తుపాకి చూసి వెనక్కి దూకాడు.

"ఏంటమ్మా ఇది? ఎవరు మీరు?"

"తుపాకి తీసుకోండి. ముందు మా తమ్ముణ్ణి ఆస్పత్రికి పంపండి. బతుకుతాడు, బతకాలి."

"ఎవరు కొట్టారు?"

"క్వారీలో ఒకడు చచ్చి పడున్నాడు, నేనే చంపా. అక్కడే చెత్తగుట్ట వెనక ఇంకొకాయన మట్టి కింద ఉన్నాడు. ఆయన్ని నేను చంపలా." ఆమె జీపు తలుపు పట్టుకుని నిలదొక్కుకుంది. "ఆ బొమ్మలో ఉబ్బు దాచానంతే, తీయలేదు. ఎక్కడ తవ్వాలో చూపిస్తా. వీడు కళ్ళు తెరిచాక."

వెనక సీట్లోంచి గొంతు గరగరలాడింది. "తెరిచే ఉన్నానక్కా. నీ తిట్లకు ఎవడు నిద్రపోతాడు?"

అప్పుడు ఆమె జీపు తలుపు వదిలింది.