ఖో అన్నదా, లేదా

నేను ఒక ఖోఖో స్తంభాన్ని. నిలబెడితే పదో తరగతి పిల్లకు ఛాతీ దాకా వస్తాను. ఎవరినీ తొందరగా నమ్మను. ఈ గుణం నాకు పుట్టుకతో రాలేదు, పుట్టిన మూడోరోజున వచ్చింది. నన్ను చిత్రిక పట్టిన వడ్రంగి మద్ది కర్రను టేకు అని చెప్పి హైస్కూలుకు అప్పగించాడు. తీసుకున్న డ్రిల్లు మాస్టారు నన్ను రెండుసార్లు తట్టి, "మంచి టేకు" అని తలూపారు. తెలిసి అన్నారో తెలియక అన్నారో ఈనాటికీ తేల్చుకోలేకపోయాను.

ఆయన పేరు బెవర తౌడు. విజయనగరం వైపు కొత్తపాలవలస అనే ఊళ్ళో ఆ బడి. మైదానానికి ఒక కొసన నేను, మరో కొసన నా జోడీ. మా ఇద్దరి మధ్య ఎనిమిది మంది ఆడపిల్లలు వరసగా, ఒకరు ఇటు ఒకరు అటు తిరిగి, గొంతుక్కూర్చునేవారు. తొమ్మిదో పిల్ల తరిమేది. తను అందుకోలేననుకుంటే కూర్చున్న పిల్ల వీపు తట్టి "ఖో" అని అరవాలి. ఆ పిల్ల లేచి తరుముతుంది, అరిచిన పిల్ల ఆమె చోట కూర్చుంటుంది. ఎవరు తాకితే ఔట్ వారి పేరు మీద రాస్తారు. పేచీ అంతా అక్కడే ఉంది. పరుగు ఒకరిది, ఖో ఒకరిది, పేరు ఇంకొకరిది.

మనుషులను నేను చేతులతో గుర్తుపడతాను. నన్ను పట్టుకుని మలుపు తిరిగే చేతుల్లో నూకరత్నం చెయ్యి వేరు. వేళ్ళు ఒకేసారి బిగుసుకునేవి. నన్ను ఆధారం చేసుకుని గాలిలోకి ఒరిగి, అవతలివైపు ఉన్న పిల్లను తాకేది. ఆ దూకుడు చూడడానికి పక్క ఊళ్ళ మాస్టార్లు వచ్చేవారు. ఆమె స్నేహితురాలు అప్పలకొండ నా పక్కనే, చివరి గడిలో కూర్చునేది. ఇద్దరూ ఒకే క్యారేజీలో అన్నం తినేవారు.

జిల్లా పోటీలు ఆ ఏడు మా మైదానంలోనే జరిగాయి. ఫైనల్‌కు ముందు రోజు సాయంత్రం, చేతిలో నోటుబుక్కుతో ఒక సెలెక్టరు నా దగ్గర నిలబడి నూకరత్నంతో మాట్లాడాడు.

"రాష్ట్ర జట్టుకి మన జిల్లా నుంచి ఒక్క పేరే అడిగేరమ్మా. అక్కడ ఆడితే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు. అవతల జట్టు పిల్లకీ నీకూ ఔట్లు సమానంగా ఉన్నాయి. రేపు చూసుకో."

అంతే అన్నాడు. నూకరత్నం తలూపింది. ఆమెకు ఆ సీటు ఎంత అవసరమో బడి అంతటికీ తెలుసు. పదో తరగతి అయ్యాక చదివించలేమని ఇంట్లో చెప్పేశారు.

మైదానం అవతలి నుంచి అప్పలకొండ ఈ మాటలు చూసింది. చూసింది అనే అంటున్నాను, వినలేదు.

"ఏటే, ఆ సార్తోటి ఏటి మాటాడినావు?"

"ఏటీ నేదే. బాగా ఆడమన్నారు."

చెప్పేసి ఉంటే సరిపోయేది. ఎందుకు దాచిందో నాకు తెలియదు. దాచిన వారినే నేను ముందు అనుమానిస్తాను, అప్పుడూ అదే చేశాను. సెలెక్టరు ఒక్క పేరే రాసుకుంటాడన్న సంగతి ఎలాగో పొక్కింది, మర్నాటికి జట్టంతటా గుసగుసలు. "రత్నం ఈరోజు ఖో ఇవ్వదు సూడండి. ఔట్లన్నీ మూటగట్టుకుని హాస్టలుకి ఎల్లిపోద్ది," అని ఒక పిల్ల అంటే మిగిలినవారు నవ్వారు. అప్పలకొండ నవ్వలేదు. కానీ కాదని అనలేదు.

ఆఖరి నిమిషం వచ్చింది. రెండు జట్లూ సమానం. నూకరత్నం తరుముతోంది, ముందున్న పిల్ల నన్ను చుట్టి తప్పించుకుంటోంది. నూకరత్నం నన్ను పట్టుకుంది. వేళ్ళు బిగుసుకున్నాయి. దూకితే అందవచ్చు, అందకపోవచ్చు. అందితే ఔట్ ఆమెది, సీటూ ఆమెదే. అంతలో ఆ పిల్ల అటు మళ్ళి, చివరి గడిలో అప్పలకొండ చూస్తున్న వైపుకు, రెండడుగుల దూరంలోకి వచ్చింది. అప్పలకొండ లేస్తే చాలు, ఔట్ ఖాయం.

నా మీద ఉన్న వేళ్ళు వదులయ్యాయి. జారలేదు. ఒక్కొక్కటిగా వదిలాయి. నూకరత్నం వెనక్కి అడుగువేసి అప్పలకొండ వీపు తట్టి, "ఖో!" అని అరిచింది.

అప్పలకొండ లేవలేదు.

ఖోఖోలో కూర్చోవడమంటే కూర్చోవడం కాదు. మునివేళ్ళ మీద, ఏ క్షణాన్నైనా లేచేటట్టు ఉండాలి. అప్పలకొండ మడమలు నేలకు ఆనించి కూర్చుంది. తనకు ఖో రాదని ఆమెకు అంత నమ్మకం. ఆమె తేరుకుని లేచేసరికి ఆ పిల్ల దాటిపోయింది. విజిల్ పడింది. సమానం కావడంతో ఆడించిన అదనపు వంతులో మా జట్టు ఒక్క పాయింటుతో ఓడింది.

తౌడు మాస్టారు ఇద్దరినీ నా దగ్గరికే పిలిచారు.

"ఎందుకు లేవలేదే?"

అప్పలకొండ నేల చూసింది. "ఖో అన్నేదు మాస్టారూ. ఒట్టి చెయ్యే తగిలింది. నాకు ఇనపడనేదు."

"అన్నాను మాస్టారూ. గట్టిగానే అన్నాను."

వెనక నుంచి ఎవరో, "ఔట్ అప్పలకొండ పేరుకి ఎల్లిపోద్దని రత్నం ఖో నోట్లోనే మింగీసింది," అన్నారు. అంపైరు అవతలి కొసన ఉన్నాడు. జనం గోలలో ఎవరికీ ఏదీ రూఢిగా తెలియదు. చేతి దూరంలో ఉన్నది నేనొక్కణ్ణే. స్తంభాన్ని ఎవరు అడుగుతారు?

మాస్టారు మంచివారు. ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ఇద్దరి మొహాలూ చూసి, ఇద్దరినీ నమ్మకుండా వెళ్ళిపోయారు. నూకరత్నం అప్పలకొండను అడిగింది: "నిజంగా ఇనపడనేదా?" జవాబు రాలేదు. నూకరత్నం మళ్ళీ మైదానంలోకి దిగలేదు. సెలెక్టరు అవతలి పిల్ల పేరు రాసుకుపోయాడు. నూకరత్నం పరీక్షలు రాసి జూట్ మిల్లులో పనికి చేరింది. రెండేళ్ళ తర్వాత ఒక వానాకాలం జ్వరంతో చనిపోయింది. బడిలో ప్రార్థన అయ్యాక రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ మౌనంలో పిల్లలు కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డారు. తౌడు మాస్టారు మాత్రం మౌనం ముగిశాక కూడా తల ఎత్తలేదు.

పదకొండేళ్ళకు ఆయన రిటైరయ్యారు. ఆయన కుర్చీలోకి వ్యాయామ ఉపాధ్యాయురాలిగా అప్పలకొండ వచ్చింది. నూకరత్నం ఆట మానేశాక జిల్లా జట్టులో ఖాళీ అయిన చోటు ఆమెకు దొరికింది, దాని వెంటే కాలేజీ సీటు, ఉద్యోగం. ఈ వరస చూసి నేను ఏమనుకున్నానో చెప్పక్కర్లేదు.

మొదటి రోజే ఆమె ఒక పద్ధతి పెట్టింది. ఖో అందుకున్న పిల్ల లేస్తూ "ఆఁ" అని బదులు చెప్పాలి. ఏ రూల్ బుక్కులోనూ అది లేదు. పోటీలకు వెళితే పక్క బళ్ళవాళ్ళు నవ్వుతారు. "కొత్తపాలవలసోల్లు ఆటలో కూడా హాజరు పలుకుతారు," అని ఎగతాళి. అయినా ఆమె మార్చలేదు.

ఈ ఏడు ఇనప స్తంభాలు వచ్చాయి. నన్ను పీకి ఆటసామాన్ల గదిలో మూలన పెట్టారు. మొన్న ఒక పిల్ల నెట్‌బాల్ తీసుకోవడానికి వచ్చి, అక్కడే ఉన్న అప్పలకొండను అడిగింది.

"మేడమ్, ఆఁ అని ఎందుకనాలి? ఊపిరి దండగ కదా?"

"ఖో ఇచ్చిన పిల్లకి తెలవద్దా, ఇనపడిందని?"

"ఇనపడితే లేస్తాం కదా మేడమ్."

అప్పలకొండ బంతి తీసి చేతికిచ్చింది. పిల్ల వెళ్ళిపోయింది. ఆమె నా దగ్గరికి వచ్చి, నూకరత్నం చెయ్యి ఆనే చోట చెయ్యి వేసింది. ఆ చేతిని కూడా నేను అనుమానించాను. పశ్చాత్తాపమా, ఎవరైనా చూస్తున్నారేమోననా? తలుపు దగ్గర ఎవరూ లేరు. తర్వాత, పక్కన కూర్చున్న మనిషికి మాత్రమే వినపడేంత మెల్లగా, "ఆఁ," అంది.