జత లేని ఆట

తిరుపతిలోని ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ శిక్షణకు పదమూడు మంది నర్సులు వచ్చారు. శిక్షణ ఇచ్చే నందిని ఇద్దరికో ట్యాబ్ చొప్పున పంచింది. పన్నెండు మంది కాలేజీ విడిచి ఏడాది కూడా కాని పిల్లలు. కళ్లతోనే మాట్లాడుకుని జతలైపోయారు. మిగిలింది సంతోషమ్మ. పద్దెనిమిదేళ్లు ప్రసూతి వార్డులో చేసి, ఆ వార్డు మూసేస్తే ఇటు వచ్చిన మనిషి.

"మీరొక్కరే ఆడండక్కా," అంది నందిని.

శిక్షణ కోసం ట్యాబ్‌లో పెట్టిన ఆట అది. తెర మీద వెంటిలేటర్ పెట్టిన రోగి ఉంటాడు. ఆక్సిజన్ అంకె పడిపోతూ ఉంటుంది. ఏం చేయాలో నిమిషంలోపల వరుసగా నొక్కాలి, లేకపోతే మనిషి పోతాడు. సంతోషమ్మ కళ్లద్దాలు సర్దుకునేలోపే ఆమె రోగి పోయాడు. రెండోసారీ అంతే. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెను చూసి కాకపోవచ్చు. అయినా మెడ వెనక వేడెక్కింది.

ఆనాటి నుంచి పిల్లలంతా క్యాంటీన్‌కు పోతే, ఆమె ఒక చేత్తో పెరుగన్నం తింటూ ఇంకో చేత్తో ఆడేది. రోగి పోయిన ప్రతిసారీ "అయ్యో ప్రభువా" అనుకునేది. ఒకరోజు సత్యవేడు నుంచి అక్క ఫోన్ చేసింది.

"ఏం జేస్తా ఉండావే?"

"ఆట ఆడతా ఉండానక్కా."

"ఈ వయసులో ఆటలేందే!" అని పెట్టేసింది అక్క.

ఎనిమిదో రోజు పోటీ పెట్టారు. అలారం మోగగానే జతలన్నీ ఆక్సిజన్ పెంచే బటన్ నొక్కాయి. సంతోషమ్మ మాత్రం రోగి నోటి దగ్గర నొక్కి చూసింది. గొట్టం మడతపడి ఉంది. సరిచేసింది. అంకె తొంభై ఆరుకు ఎక్కింది.

"అక్కే ఫస్టు! ఎట్ల తెలిసిందక్కా?" అంది నందిని.

"మిషన్‌నేంది సూసేది, ముందు మనిషిని సూడాల గదమ్మా."

అందరూ చప్పట్లు కొట్టారు. ఆ వెంటనే ఎవరి జతతో వాళ్లు సెల్ఫీలు దిగుతూ బయటికి పోయారు. ఈమెను ఎవరూ పిలవలేదు. ఇలాంటి కబుర్లు వినడానికి ఇంట్లో ఒకప్పుడు భర్త ఉండేవాడు. పోయి మూడేళ్లయింది.

మధ్యాహ్నం ఐసీయూ డ్యూటీలో నాలుగు, ఐదు మంచాలు ఆమెవి. గూడూరు నిమ్మకాయల వ్యాపారి చెంగయ్య ఐదు రోజులుగా నాలుగో మంచం మీద మత్తులోనే ఉన్నాడు. దూదితో ఆయన పెదాలు తడుపుతూ సంతోషమ్మ మెల్లగా అంది.

"పెద్దాయనా, ఈ పొద్దు నాకు ఫస్టొచ్చిందబ్బా."

ఆయన కళ్లు తెరవలేదు. ఆమె మిషన్ మీది అంకెలన్నీ చార్టులో రాసి, ఐదో మంచం వైపు నడిచింది.