చిన్నమెదడుకు పెద్దపీట

ఒత్తులు, దీర్ఘాలు అక్కడక్కడా తప్పుతాయి, మన్నించండి. మా ఆయన పోయాక పలక పట్టినదాన్ని. ఒక్కో వాక్యానికి చొక్కా ఇస్త్రీ చేసినంత సేపు పడుతుంది.

మాది ఇస్త్రీ దుకాణం. నా కూతురికి చిన్నప్పటి నుంచీ ఫిట్స్. ఒకరోజు బల్ల దగ్గరే పడి, ఇస్త్రీపెట్టె మీద ముంజేయి కాల్చుకుంది. ఇక పెట్టె ముట్టనివ్వలేదు నేను. మూలన కూర్చుని బట్టలు మడతపెట్టమన్నాను. కాలరు మీద చిన్న ముడత ఉన్నా ఓర్చుకోలేని పనిమంతురాలు. ఎన్ని మాత్రలు మింగినా ఫిట్స్ ఆగలేదు. "నా బల్ల నాకు కావాలి" అన్నదొక్కటే దాని పాట.

చివరికి పెద్దాసుపత్రి డాక్టరమ్మ ఒక మాట చెప్పింది.

"తల వెనక, కిందివైపు చిన్నమెదడు ఉంటుందమ్మా. మనిషి తూలకుండా చూసేది అదే. పైన ఫిట్స్ గోల లేచినప్పుడు అణచడానికీ సాయపడొచ్చని అనుకుంటున్నాం. అక్కడ సన్నటి తీగ పెట్టి కాస్త కరెంటు ఇస్తాం. కొందరికి పనిచేసింది, కొందరికి లేదు. ఇంకా పరీక్షే."

"పెద్దది గోల చేస్తే చిన్నది ఆపుతుందా? మా ఇంట్లో చిన్నవాళ్ళ మాట ఎవరు విన్నారు తల్లీ?"

"అందుకే మనిల్లు ఇలా ఏడ్చింది" అంది నా కూతురు. "పెట్టండి డాక్టర్."

పెట్టారు. తీగ తలలో, మిషన్ ఎదమీద చర్మం కింద. మొదటి కొన్ని నెలలు అది ఆన్‌లో ఉందో ఆఫ్‌లో ఉందో మాకు చెప్పరట.

"నాకూ చెప్పరు" అంది డాక్టరమ్మ.

"తెలియకుండా ఉండటానికి ఇంత చదువా!" అన్నాను.

నాకు మాత్రం తెలిసిపోయింది, ఆన్‌లోనే ఉంది. పిల్ల మొహం కళకళలాడుతోంది కదా! మిషన్‌కి మా మరిది 'ఇల్లరికపు అల్లుడు' అని పేరు పెట్టాడు. "వచ్చి కూర్చున్నాడు వదినా, పనిచేస్తున్నాడో లేదో అడగడానికి లేదు."

అల్లుడి కరెంటుకీ ఇస్త్రీపెట్టె కరెంటుకీ తగువు రాకూడదని, అటక మీది బొగ్గుల పెట్టె దింపాను. డాక్టరమ్మని అడగొచ్చు కదా అంటారా? అడిగితే నాకు తెలియదని ఆవిడకి తెలిసిపోదూ! వకీలు గారి తెల్లచొక్కా మీద మసిచుక్కలు పడ్డాయి.

"ఇదేంటమ్మా, చొక్కాకి అమ్మవారు పోసిందా?"

"మా అమ్మాయికి నయమైంది బాబూ, ఓర్చుకోండి!"

గడువు తీరాక ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ తెర చూసి తల పంకించింది.

"ఇన్నాళ్ళూ మిషన్ ఆఫ్‌లోనే ఉందమ్మా. ఫిట్స్ కూడా తగ్గలేదు."

"తగ్గలేదా? ఎవరన్నారు?"

"మీ అమ్మాయే."

నా కూతురు నేల చూస్తూ అంది: "మూలన కూర్చున్నచోటే నాకు చిన్నచిన్నవి వచ్చిపోతూనే ఉన్నాయమ్మా. నువ్వు గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్ళందరికీ నయమైందని చెబుతుంటే, కాదనడానికి నోరు రాలేదు."

నా పక్కన, చేయి చాపితే అందేంత దూరంలో! నాకు చూపు అటు తిరిగితేనా!

"తీసేయించు తల్లీ ఆ దరిద్రాన్ని" అన్నాను.

"ఇంకా పనే మొదలుపెట్టనిదాన్ని తిడతావేంటమ్మా? ఆన్ చేయండి డాక్టర్. పనిచేయకపోతే అప్పుడు తిడుదువు గాని. ఇంకోటి, ఇస్త్రీపెట్టె కరెంటుతో దీనికి ఇబ్బందా?"

"ఏమీ లేదే. ఎవరు చెప్పారు?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను.

ఆన్ చేసిన వారంలోనే ఒక పెద్ద ఫిట్ వచ్చింది. నేను తిట్టని తిట్టు లేదు. తర్వాత మెల్లగా తగ్గాయి. పోలేదు, తగ్గాయి. పక్కకి ఒరిగితే దానంతటదే ఆరిపోయే కొత్త పెట్టె కొన్నాం. నా కూతురు బల్ల దగ్గర నిలబడింది. నేను దాని మోచేతికి ఆనుకునే నిలబడతాను.

"జరుగమ్మా, నీ చెమట చొక్కా మీద పడుతోంది."

"పడనీ."

"చొక్కా వకీలుగారిది."

"ఆయనకి మసే అలవాటైంది, చెమట ఎంత!"

అది నవ్వుతూ మోచేత్తో నెడుతుంది. నేను జరగను.

ఇట్లు,
ఇస్త్రీ పెద్దమ్మ, అరవై ఏడేళ్ళు,
దుకాణం వెనక గది.