అధ్యక్షుడి పక్క కుర్చీ

ఉడికిన గుడ్లు ఒలుస్తూ ఒలుస్తూ వెర్నా మళ్ళీ ఎక్కడికో వెళ్ళిపోయింది. వంటింటి కిటికీ అవతల కోసేసిన గోధుమ చేలు. మంచు పడబోయే ముందు కాన్సస్ ఆకాశం నేలమీదికి దిగొచ్చి కూర్చుంటుంది. ఆ బూడిదరంగులో పొద్దుటి నుంచీ ఆమెకి తన గొంతే వినిపిస్తోంది. ఏం చెబుతోందో తెలియడం లేదు గానీ, ఎవరో శ్రద్ధగా వింటున్నారు.

"పట్టపగలు కలలేంటమ్మాయ్?" అంది అత్తగారు ఆర్డిత్. "సాయంత్రం పార్టీ మీటింగుకి జనం ఆకలితో వస్తారు. నీ మొగుడు అధ్యక్షుడవుతుంటే ఉపాధ్యక్షురాలివి నువ్వేగా, చెయ్యి కదిలించు!"

కౌంటీ అంటే జిల్లా లాంటిదే; అక్కడి పార్టీలో అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవుల్లో ఒకరు మగ, ఒకరు ఆడ ఉండాలన్నది నియమం. ఎవరు ఏ కుర్చీలో కూర్చోవాలో నియమం చెప్పదు, ఆనవాయితీ చెబుతుంది. ఆయన మైకు పట్టుకుంటాడు, ఆవిడ కాఫీ పెడుతుంది. వెర్నా దాన్నెప్పుడూ తప్పనుకోలేదు. ఇల్లూ చర్చీ ఊరూ నిలబడాలంటే ఎవరో ఒకరు వెనకుండాలని నమ్మిన మనిషి. పన్నులు తగ్గాలనీ, ప్రభుత్వం తన హద్దులో తానుండాలనీ ఇప్పటికీ నమ్ముతుంది. ఊరి బడి మూసేసి పెద్ద ఊరి బడిలో కలిపేస్తామని రాష్ట్ర రాజధాని నుంచి కబురొచ్చినప్పుడు, చలిలో గడప గడపా తిరిగిందీ ఆమే, భర్త రస్సెల్‌కి ఉపన్యాసాలు రాసిచ్చిందీ ఆమే. "రాయడం నీ వంతు, మాట్లాడ్డం నా వంతు. నీది సన్న గొంతు, హాలు చివరిదాకా పోదు" అనేవాడు, ముద్దుగానే.

పోయిన నెల కౌంటీ సభలో అతను మాట్లాడుతుంటే ఒళ్ళంతా చెవులు చేసుకుని కూర్చుంది. ఒక ఇంటి గడపలో లూసిల్ అనే తల్లి అన్న మాట వస్తుందని. "చీకటితోనే బస్సెక్కిస్తే నా ఆరేళ్ళ పిల్ల నిద్రలోనే ఊరు దాటిపోతుంది, మళ్ళీ చీకటి పడ్డాకే ఇల్లు చేరుతుంది. దాని మొహం వెలుతురులో చూసుకోవాలంటే ఇక నాకు శని, ఆదివారాలే." ఆ ఒక్క మాట కోసమే వెర్నా ఉపన్యాసమంతా రాసింది. రస్సెల్ అక్కడికి రాగానే పేజీ తిప్పేశాడు. కారులో అడిగితే, "ఏడుపుగొట్టు మాటలు మనకెందుకు? లెక్కలు చాలు" అన్నాడు. ఆమెకి కోపం కూడా రాలేదు. పన్ను ఊడిన చోటుని నాలుకతో తడుముకున్నట్టు ఆ ఖాళీని తడుముకుంటూ ఇల్లు చేరింది.

వచ్చే వారం కొత్త అధ్యక్షుడు రాజధానికెళ్ళి, శాసనసభ కమిటీ ముందు బడి గురించి మాట్లాడాలి. అదే ఆఖరు. ఆ తర్వాత ఇక చెప్పుకునే చోటు లేదు. ఈసారీ లూసిల్ మాట పేజీ కిందే ఉండిపోతుందని వెర్నాకి తెలుసు.

మీటింగులో ప్రార్థన, జెండాకి ప్రమాణం అయ్యాయి. దిగిపోతున్న అధ్యక్షుడు, ముసలాయన హార్లన్, రస్సెల్ పేరు చదివాడు. చప్పట్లు. "ఇంకెవరి పేరైనా ఉందా?" అని అలవాటుగా అడిగాడు. హీటర్ల వెచ్చదనానికి హాలంతా జోగుతోంది. తను లేచి నిలబడటం వెర్నాకి నిద్రలో నడుస్తున్నట్టే ఉంది. భర్తని బలపరచడానికి లేచిందనుకుని అందరూ మురిపెంగా చూశారు.

"నా పేరు రాసుకోండి హార్లన్ గారూ. అధ్యక్ష పదవికి."

చివరి వరసలో కాఫీ తాగుతున్నవాళ్ళు కూడా తలెత్తారు.

"వేళాకోళమా తల్లీ?" హార్లన్ కళ్ళజోడు తీసేశాడు. "మరి మీ ఆయనో?"

రస్సెల్ చెవులదాకా ఎర్రబడ్డాడు. అతన్ని చూస్తే ఆమెకి జాలేసింది, ప్రేమ కూడా కలిగింది. అయినా కూర్చోలేదు.

"ఉపాధ్యక్షుడిగా ఉంటాడండీ. ఒక మగ, ఒక ఆడ, నియమం ఎక్కడా తప్పలేదు. ఆ పని కష్టమేం కాదు, ఇన్నేళ్ళుగా ఇంట్లో నేను చేస్తున్నదే. నేర్పిస్తాను."